గద్దల్ని తోలే గొంతు

విశాఖపట్నంలో గొంతు డాక్టరు మా అత్త నోట్లోకి లైటు వేసి చాలాసేపు చూశాడు. "ఏం పని చేస్తారమ్మా ఈవిడ? టీచరా? పాటలు పాడతారా? వీధుల్లో కూరగాయలు అమ్ముతారా?" అని అడిగాడు. మా ఆయన చేతులు కట్టుకుని నిలబడి, దాపరికం లేకుండా ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"గద్దల్ని తోలతాది సార్."

డాక్టరు నవ్వలేదు. నేను నవ్వాను. అప్పుడు మా అత్త నా వంక చూసిన చూపు ఉంది చూశారూ, ఆ చూపుకి గద్దలేం ఖర్మ, ఏనుగులైనా పారిపోతాయి. కానీ మా ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఆవిడ పని అదే, ఆవిడ పేరూ ప్రతిష్ఠా కూడా అదే.

తొంభైల చివర నా పెళ్ళయింది. టెక్కలిలో మా వీధిలో కోడంటే కొట్లో వేలాడేది, గుడ్డంటే కాగితం పొట్లంలో ఇంటికొచ్చేది. కాశీబుగ్గ దాటి సముద్రం వైపున్న ఈ ఉద్దానం ఊరికి కోడలిగా వచ్చాక తెలిసింది, కోడంటే ఇంట్లో మనిషి లెక్క అని. ఇక్కడ ఇళ్ళన్నీ గోడకి గోడ ఆనించుకుని ఒకే వరసలో ఉంటాయి. ప్రతి ఇంటి వెనకా పెరడు, పెరళ్ళ వెనక కొబ్బరి తోటలు, వాటి వెనక జీడితోటలు. గద్దకి ఇంతకంటే ఏం కావాలి? కొబ్బరి మట్ట మీద కూర్చుంటే చాలు, ఊరి పెరళ్ళన్నీ విస్తట్లో వడ్డించినట్టు కనబడతాయి.

దీనికి మా ఊరి ఆడవాళ్ళ దగ్గరున్న మందు అరుపు. గద్ద నీడ ముందు ఎవరి పెరట్లో పడితే ఆవిడ కేక వెయ్యాలి. "ఓలో... గద్దో... ఉస్సో ఉస్సో!" ఆ కేక చెవిన పడగానే పక్క పెరడు అందుకోవాలి, దాని పక్క పెరడు అందుకోవాలి. అన్నం వారుస్తున్నా సరే, పిల్లకి పాలిస్తున్నా సరే. మా పక్కింటావిడకీ మా అత్తకీ సరిహద్దు మీదున్న కొబ్బరిచెట్టు తగువులో మాటలు పోయాయి. ఎదురుపడితే ఒకరు తూర్పు చూసేవారు, ఒకరు పడమర చూసేవారు. గద్ద కేక వచ్చిందంటే మాత్రం ఇద్దరూ కంచెకి చెరోవైపు నిలబడి ఒక్క రాగంలో అరిచేవారు. గద్ద పోయాక మళ్ళీ ఎవరి మూతి వాళ్ళు తిప్పుకునేవారు.

ఆ అరుపులన్నిట్లో పెద్ద అరుపు మా అత్తది. మొదట కిందినుంచి లాగేది, మధ్యలో ఓ విరుపు విరిచేది, చివర్న "ఉస్సో" దగ్గర ఆకాశానికి విసిరేది. సగం దిగిన గద్ద గాల్లోనే తిరిగి పోవడం నేను కళ్ళారా చూశాను. పైగా ఆవిడకి అడ్డపొగ అలవాటు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తూ ఉండేది. గద్ద వస్తే ఆ చుట్ట ఎప్పుడు తీసేదో, ఎప్పుడు అరిచేదో, మళ్ళీ ఎప్పుడు పెట్టుకునేదో మనకి కనబడేది కాదు.

నాకా, అరవడం చేతకాదు. ఆడపిల్ల గొంతు గుమ్మం దాటకూడదని మా అమ్మ పెంచిన పెంపకం నాది. అందులో కొత్త కోడల్ని. వీధి అరుగు మీద మావగారు కూర్చునుండగా గొంతెత్తడమేంటి, అమ్మమ్మ! గద్ద వస్తే నేను చేతులు ఊపి "పో, పో" అనేదాన్ని.

"సుట్టానికి సెప్పినట్టు సెప్తావేటే? అది కాఫీ తాగి ఎల్తాదా?" అని ఎక్కిరించేది మా అత్త.

ఆ గొంతుతో మా ఇంట్లో ఇంకో పని కూడా జరిగేది. నీటికాసులొచ్చి మా మావగారికి రెండు కళ్ళూ పోయాయి, నా పెళ్ళికి ముందే. కర్ర పట్టుకోమంటే ఆయనకి ఒళ్ళు మండేది. "కర్ర పడితే గుడ్డోడంతారు" అనేవారు. అనకపోతే కనబడుతుందా మావా అని నాకు నోటిదాకా వచ్చేది. ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే విదిలించేసేవారు. అయినా రోజూ పొద్దున్నే కొబ్బరితోటకి ఒక్కరే వెళ్ళేవారు. వెనక పెరటి కంచె దగ్గర మా అత్త నిలబడి అరుస్తూ ఉండేది.

"ఎడమేపు... ఎడమేపంటే ఎడమేపే, కుడేపు తిరుగుతావేటి! మోడుంది, కాలెత్తు! గట్టు దిగు! ఆగాగు, ఎవులో ఆవుని కట్టీసినారు!"

ఆ అరుపు పట్టుకుని ఆయన తోటంతా తిరిగేవారు. చెట్లు తడిమి చూసుకునేవారు, నేలబావి గట్టు మీద కూర్చునేవారు, మళ్ళీ అదే అరుపు పట్టుకుని ఇంటికొచ్చేవారు. దారిలో చూసినవాళ్ళకి ఆయన చూపున్న మనిషిలాగే నడిచేవారు. ఇంట్లో ఏది జరిగినా మా అత్త వంటింట్లోంచి అరుగు దాకా వినబడేలా చెప్పేది. పిల్లి పాలు తాగినా, పక్కింటివాళ్ళకి చుట్టాలొచ్చినా, కోడలు పులుసులో ఉప్పు ఎక్కువేసినా అన్నీ ఆయనకి తెలిసిపోయేవి. ఆ చివరిది చెప్పకపోతే బాగుండునని నాకుండేది.

అలాంటి గొంతు ఓ ఏడు బొంగురుపోయింది. జలుబన్నారు, మిరియాల పాలన్నారు, చుట్ట వేడన్నారు. మాట సగం గాలిగా మారాక విశాఖపట్నం తీసుకెళ్ళాం. గొంతులో కాయ కాసిందని తీసేశారు. ఇంటికి పంపేముందు డాక్టరు వేలు చూపించి మరీ చెప్పాడు.

"మళ్ళీ నా దగ్గరకొచ్చి చూపించుకునేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు. చుట్ట మానెయ్యాలి. అరిచారో, ఉన్న గొంతు కూడా పోతుంది. తర్వాత నన్నేమీ అనకండి."

చుట్ట మానడానికి మా అత్త వెంటనే తలూపింది. కోళ్ళు అమ్మేద్దామని మా ఆయన అన్నప్పుడు మాత్రం తల అడ్డంగా ఊపింది. ఆ ఊపుకి ముక్కుపుడక ఊడి పడుతుందేమో అనుకున్నాను.

పలాసలో రైలు దిగి, ఆటో పట్టుకుని ఇంటికొచ్చేసరికి మావగారు అరుగు మీద చెవులు నిక్కబొడుచుకుని కూర్చుని ఉన్నారు.

"ఏదీ, ఏటన్నారు? బాగయిపోనాదేటి?" అన్నారు.

మా అత్త ఆయన ఎదురుగా నిలబడింది. నోరు విప్పలేదు.

"అది రాలేదేటి? ఆస్పత్రిలో ఒగ్గీసొచ్చినారేటి?" అన్నారాయన, ఈసారి భయంగా.

"వచ్చింది మావా, మీ ఎదురుగానే ఉంది. మాట్లాడకూడదన్నారు" అని నేను చెప్పాను. "ఓహో" అని ఊరుకున్నారు. మర్నాడు పొద్దున్న తోటకి వెళ్ళలేదు. నేను తీసుకెళ్తానని మా ఆయన చెయ్యి అందిస్తే, "నీ జీడి ఫ్యాక్టరీకి నువ్వు ఎల్లు. దానికి గొంతొచ్చాకే నాను ఎల్తాను" అనేశారు. రాకపోతే అని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ రోజు నుంచి అరుగు మీదే, గోడకి ఆనుకుని. నడిచే మనిషి నడవడం మానేస్తే ఎంత తొందరగా ముసలివాడైపోతాడో అప్పుడే చూశాను.

కాబట్టి ఇంట్లో అందరం అనుకున్నది ఒకటే. ఏమైనా కానీ, ఆవిడ అరవకూడదు. ఆవిడ అరవకూడదంటే గద్ద రాకూడదు. సరిగ్గా అప్పుడే మా నల్లపెట్ట పిల్లల్ని దింపింది. ఖర్మ కాకపోతే ఇంకేంటి?

పగలంతా గంప కింద మూసేద్దామంటే మా అత్త ఒప్పుకోదు. మూసి పెంచిన పిల్లకి తెగులు తగులుకుంటుందని ఆవిడ నమ్మకం. మొదటిరోజే పెరట్లో నీడ పడింది. మా అత్త తలెత్తింది, నోరు తెరుచుకుంది, గుండెల్నిండా గాలి పీల్చింది. ఇంక అరుపే తరువాయి. నేను చేతిలో చీపురు పారేసి ఒక్క గెంతు గెంతి ఆవిడ నోరు నొక్కేశాను. గద్ద వచ్చింది, పిల్లని తన్నుకుపోయింది. అది అయ్యాక చూస్తే కంచె మీదనుంచి పక్కింటావిడ కళ్ళప్పగించి మమ్మల్నే చూస్తోంది. సాయంత్రానికి ఊరంతా పాకిపోయింది, టెక్కలి కోడలు అత్తని నోరు నొక్కి చంపబోయిందని. ఎంతమందికని చెప్పుకోను? అత్త వచ్చి నా తరఫున సాక్ష్యం చెబుదామన్నా ఆవిడకి నోరు లేదాయె.

ఆ రాత్రి మా ఆయన ఓ ఉపాయం చెప్పాడు. అప్పటికింకా ఇళ్ళల్లో క్యాసెట్లుండేవి. చుట్టుకుపోయి పాడైన క్యాసెట్లలోంచి రీలు లాగి, మునగచెట్టు నుంచి కంచె దాకా అడ్డంగా కట్టాలట. ఎండకి తళతళలాడుతుంది, గాలికి జుమ్మంటుంది, గద్ద బెదురుతుంది. నిజంగానే బెదిరింది, ఓ వారం. ఆ వారంలో నాకు తెలిసిందేంటంటే నేను లాగినవాటిలో మా ఆయన ప్రాణంలా దాచుకున్న క్యాసెట్టు కూడా ఒకటుందని. ఆయన కంచె దగ్గర నిలబడి ఆ రీలు చివర పట్టుకుని చూసిన చూపు తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వారం తిరిగాక గద్ద వచ్చి ఆ రీలు కట్టిన గుంజ మీదే కూర్చుని ముక్కు గీరుకుంది.

తర్వాత పక్కింటావిడ. మా అత్తతో మాటల్లేవు గానీ నాతో ఉన్నాయి. నోరు నొక్కిన సంగతికి అసలు కారణం తెలిశాక మరీ దగ్గరయింది.

"పిల్లలకి రంగెయ్యి పాపా. రంగేసిన పిల్ల జోలికి గద్ద రాదు" అంది.

నిజమే, ఈ ఊళ్ళో గులాబీరంగు కోడిపిల్లలు తిరగడం చూశాను. కాశీబుగ్గ సంతలో చాపలకి వేసే రంగు పొట్లాలు రెండు తెచ్చాను, గులాబీ ఒకటి, ఆకుపచ్చ ఒకటి. రెక్కల మీద కాస్త అద్దితే చాలని ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. టెక్కలి తెలివి కదా, బకెట్లో నీళ్ళు కలిపి పిల్లల్ని తల ఒక్కటే బయటుంచి ముంచి తీశాను. సగం గులాబీ, సగం పచ్చ. చూడ్డానికి జాతరలో మిఠాయిల్లా ఉన్నాయి. తీసుకెళ్ళి నల్లపెట్ట ముందు వదిలితే అది ఒక అడుగు వెనక్కి వేసింది. మెడ ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. ఆపైన ఎవరి పిల్లల్రా ఇవి అన్నట్టు టకటకా పొడిచి తరమడం మొదలెట్టింది. పిల్లలు కీచుకీచుమంటూ నా కాళ్ళ కిందికి, పెట్ట నా కాళ్ళ మీదికి, నేను తులసికోట మీదికి.

మా అత్త గడప మీద కూర్చుని నవ్వింది. చప్పుడు రాకూడదు కదా, రెండు చేతులతో నోరు మూసుకుని, ఒళ్ళంతా కుదిపేసేలా, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వింది. నేనూ తులసికోట మీదనుంచే నవ్వాను.

"ఏటయినాది? ఏటయినాదో సెప్పండర్రా" అని వీధి అరుగు మీదనుంచి మావగారి కేక.

వెళ్ళి చెప్పాను. రంగు, బకెట్టు, పెట్ట, పొడుపులు, అన్నీ వరసగా చెప్పాను. ఆయన విన్నారు, తలూపారు. "నువ్వు సెప్తంటే కనబడ్డం లేదమ్మా" అన్నారు నెమ్మదిగా. తిట్టినా అంత బాధ పడేదాన్ని కాదు. లోపలికొచ్చి ఆకుపచ్చ చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాను, సబ్బు పెట్టి పిల్లల్ని కడిగాను. పచ్చ వదిలింది గానీ గులాబీ వదల్లేదు.

మూడో ఉపాయం మా ఆయనదే. ఖాళీ నూనె డబ్బా ఒకటి, చిన్న కర్ర ఒకటి తెచ్చి వాళ్ళమ్మ చేతికిచ్చాడు. "గద్దొస్తే నోరు కదపొద్దు. ఇది వాయించు" అని చెప్పి ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. ఉద్దానంలో పుట్టి పెరిగినవాడు ఆ మాట ఎలా అన్నాడో నాకిప్పటికీ అర్థం కాదు. మా ఊళ్ళో డబ్బా చప్పుడు ఎప్పుడు వినబడుతుందంటే జీడితోటలోకి ఎలుగుబంటి వచ్చినప్పుడు. డబ్బా మోగితే మగవాళ్ళు ఏ పనిలో ఉన్నా కర్రలు పట్టుకుని పరిగెత్తుకు రావాలి. అది ఊరి కట్టుబాటు.

జీడిపళ్ళు పండే రోజులు. మిట్టమధ్యాహ్నం. నేను వీధి చివర బావి దగ్గరున్నాను. గద్ద దిగింది. మా అత్త, పాపం, కొడుకు చెప్పినట్టే నోరు మూసుకుని డబ్బా అందుకుంది. అంత గొంతున్న మనిషికి ఇన్నాళ్ళకి చప్పుడు చేసే వీలు దొరికింది. ఊరుకుంటుందా? పగిలిపోయేలా వాయించింది.

ఇంకేముంది! "ఎలుగొచ్చీసినాదిరో!" అని వీధి వీధంతా లేచింది. ఒకడు గునపం, ఒకడు రోకలి, ఒకడు గెడ్డం సగం గీయించుకుని సబ్బు నురగతో. మా పెరడు నిండిపోయింది.

"ఏదీ? ఎటేపు ఎల్లీసింది?" అని అడుగుతున్నారు.

మా అత్త మాట్లాడకూడదు. డబ్బా పక్కన పెట్టి వేలితో ఆకాశం వైపు చూపించింది.

"సెట్టెక్కీసిందిరోయ్!" అన్నాడొకడు. అంతే, అందరూ కొబ్బరిచెట్టు చుట్టూ చేరి తలలెత్తి పైకి చూడ్డం మొదలెట్టారు. మా అత్త కాదని చేతులూపుతోంది. వాళ్ళకది దూరం జరగమన్నట్టు తోచి ఇంకో రెండడుగులు వెనక్కి వేశారు.

నేను బిందె పారేసి పరిగెత్తుకొచ్చేసరికి ఇదీ వరస. నవ్వాలో ఏడవాలో తేల్చుకునేలోపల ఇంట్లోంచి మావగారి గొంతు వినబడింది. పెరట్లోకి ఎలుగుబంటి వచ్చిందనీ, అక్కడున్న తన భార్యకి అరవడానికి కూడా వీల్లేదనీ, ఆయనకి తెలిసిందల్లా అదే. గోడ తడుముకుంటూ వచ్చేస్తున్నారు.

"ఎక్కడున్నావే? పలకవే! ఒక్కసారి పలకవే!"

మా అత్త నోరు తెరిచింది. చూస్తూనే ఉన్నాను. పలికేస్తుందనుకున్నాను. చీర చెంగు నోట్లో కుక్కుకుని ఆయనవైపు పరిగెత్తింది. ఈవిడ చేరేలోపే ఆయన వెనక గడప తట్టుకుని మెట్ల మీద పడిపోయారు. మోకాలు చీరుకుపోయింది. మా అత్త కింద కూర్చుని ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. గాజుల చప్పుడుకి ఆయన గుర్తుపట్టి, "ఉన్నావా, ఉన్నావా" అన్నారు.

జరిగింది గద్ద గొడవని తెలిశాక ఊరి పెద్దలు మా ఆయనకి బాగానే గడ్డి పెట్టారు. "గద్దకి డబ్బా కొట్టిస్తావేట్రా? రేపు నిజంగా ఎలుగొస్తే ఎవుడొస్తాడు?" డబ్బా అటకెక్కింది.

ఆ రాత్రి మా అత్త నన్ను వేలితో చూపించింది. తర్వాత తన గొంతు చూపించింది. తర్వాత ఆకాశం చూపించింది. అర్థమైంది, అర్థం కానట్టు నటించాను. మర్నాడు మధ్యాహ్నం నా చెయ్యి పట్టి బరబరా జీడితోటలోకి లాక్కుపోయింది. ఇంటికి దూరంగా, మావగారికి వినబడనంత దూరంగా. కోడలు మావగారి చెవిన పడేలా అరవడం నేర్చుకోవడం బాగుండదని ఆవిడా అనుకుంది, నేనూ అనుకున్నాను.

అరిచాను. ఇరుకు సందులో మేకపిల్ల అరిచినట్టు వచ్చింది. మా అత్త నుదురు కొట్టుకుంది. నా పొట్ట మీద రెండు వేళ్ళు పెట్టి గట్టిగా పొడిచింది, ఇక్కణ్ణుంచి అని. గడ్డం పట్టి పైకెత్తింది. విరుపు రావాల్సిన చోట నా భుజం మీద చరిచింది. "ఉస్సో" దగ్గర చెయ్యి ఆకాశంలోకి విసిరింది. నేను తప్పు చేసినప్పుడల్లా చరుపు, సరిగ్గా చేస్తే ఏమీ లేదు. నోరు లేకుండా కూడా ఇంత తిట్టొచ్చని నాకప్పటిదాకా తెలియదు. ఇంటికొచ్చాక గొంతు మండేది, భుజం వాచేది. మళ్ళీ మధ్యాహ్నం తోట. ఓ రోజు నా కడుపులోంచి ఏదో లేచింది, విరిగింది, పైకి పోయింది. జీడికొమ్మల మీది కాకులన్నీ లేచిపోయాయి. నాకు నేనే జడుసుకున్నాను. మా అత్త కొట్టలేదు. నా చెంపలు రెండూ నిమిరి మెటికలు విరిచింది.

తర్వాత గద్ద వచ్చిన రోజు నేను పెరట్లో బియ్యం చెరుగుతున్నాను. నీడ కదిలింది. చేట పడేశాను.

"ఓలో... గద్దో... ఉస్సో ఉస్సో!"

పక్కింటావిడ అందుకుంది, ఆ పక్కావిడ అందుకుంది, వీధి చివరిదాకా పోయింది. గద్ద మునగచెట్టు ఎత్తుకి దిగి, చటుక్కున తిరిగి పోయింది. ఒక్క పిల్ల పోలేదు. నాకెంత సంతోషమంటే, అక్కడే చిందులు తొక్కాలనిపించింది. మా అత్త వైపు తిరిగాను. ఆవిడ నన్ను చూడ్డం లేదు, ఇంట్లోకి చూస్తోంది.

మావగారు వస్తున్నారు. మోకాలికి కట్టుతో, గోడ తడుముకుంటూ, ముఖమంతా నవ్వుతో.

"వొచ్చీసినాదేటే! నీ గొంతొచ్చీసినాదేటే!" గడప దగ్గర ఆగి, పెరటి వైపు చెవి పెట్టి, "మళ్ళీ ఓసారి అరువే" అన్నారు.

ఆవిడ రాగం, ఆవిడ విరుపు, ఆవిడ విసురు, అన్నీ పట్టుకొచ్చి పెట్టాను కదా, ఎవరైనా అంతే అనుకుంటారు. అది నాకు ముందే తట్టలేదే అని నన్ను నేను తిట్టుకున్నాను. మా అత్త మెల్లగా వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని తన గొంతు మీద పెట్టుకుని, తల అడ్డంగా ఊపింది.

"నువ్వు కాదా?" అన్నారాయన.

ఆవిడ మళ్ళీ ఊపింది.

"మరెవులు?"

"నేనే మావా. తప్పయిపోయింది" అన్నాను.

"తప్పేటమ్మా. బాగుంది. అచ్చు దానిలాగే ఉంది" అన్నారు. ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. చెయ్యి మాత్రం తియ్యలేదు. చెయ్యి పట్టుకుంటే విదిలించే మనిషి, ఆవిడ మెడ మీద చెయ్యి అలాగే ఉంచి చాలాసేపు నిలబడ్డారు.

మళ్ళీ విశాఖపట్నం వెళ్ళాం. డాక్టరు లైటు వేసి చూసి, మాట్లాడమన్నాడు. మా అత్త నోరు విప్పితే సన్నని గాలిలాంటి మాట వచ్చింది. మంచానికి ఆ కొసనుంచి ఈ కొసకి వినబడుతుంది, అంతే. ఇంక ఇంతేనమ్మా, ఇదే దక్కిందనుకోండి, అరుపు జన్మలో వద్దన్నాడు. తిరుగు రైల్లో మాట్లాడొచ్చని చెప్పినా పలాస వచ్చేదాకా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. కిటికీలోంచి బయటికే చూసింది. నేను చెయ్యి పట్టుకుంటే పట్టుకోనిచ్చింది.

ఇంటికొచ్చాం. "ఏటన్నారు?" అని అడిగారు మావగారు. మా అత్త అరుగెక్కి ఆయన పక్కన కూర్చుంది. నడివీధిలో అందరూ చూస్తుండగా మొగుడి పక్కన కూర్చోవడం ఆవిడ ఎప్పుడూ చెయ్యలేదు. ఆయన చెవికి నోరు ఆనించి ఏదో చెప్పింది. మాకెవరికీ వినబడలేదు. ఆయన మాత్రం విని, గట్టిగా "సర్లే" అన్నారు.

మర్నాడు పొద్దున్న ఆవిడే ఆయన చెయ్యి పట్టుకుని లేపింది. "ఒగ్గే, ఎవులైనా సూత్తారు" అన్నారు గానీ ఆయన విదిలించలేదు. పెరటి గుమ్మం దాటి, మోడు పక్కనుంచి, గట్టు దిగి ఇద్దరూ తోటలోకి వెళ్ళారు. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ అలా పక్కపక్కన నడవడం ఊళ్ళో ఎవరూ చూళ్ళేదు. అన్ని పెరళ్ళలోనూ పని ఆగిపోయింది. మా పక్కింటావిడయితే కొబ్బరిచెట్టు తగువు మర్చిపోయి, "ఏటొదినా, కొత్త పెళ్ళికూతురు నడకలు నడుత్తన్నావు!" అని కంచె మీదనుంచి అరిచింది. మా అత్తకి అరిచి తిట్టే వీలు లేదు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపి నవ్వింది. అప్పట్నుంచి రోజూ అదే. గద్దల్ని నేను తోలేదాన్ని, ఆవిడ ఆయనతో తోటకి పోయేది. పోతూ పోతూ చెవిలో ఏవేవో చెబుతూ ఉండేది, ఆయన నవ్వుతూ ఉండేవారు.

ఓ పొద్దున్న మావగారికి జ్వరం తగ్గిన మర్నాడు, ముసురు పట్టి గట్టంతా జారుడుగా ఉంది. మా అత్తకి మోకాళ్ళ నొప్పులు. చీర పైకి దోపుకుంటూ బయల్దేరుతుంటే చూడలేకపోయాను.

"ఆ గొంతే ఉంటే నీకీ తిప్పలుండేవి కావు కదత్తా! కంచె దగ్గర నిలబడి తోలేసేదానివి" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టి వంచి, ఆ సన్నటి గొంతుతో నా చెవిలో అంది.

"తోలీదాన్నే. గొంతున్నన్నాళ్ళూ తోలీదాన్నే. మీ మావ ఒక్కడే ఎల్లీవోడు."

అని, ఆయన చెయ్యి అందుకోడానికి అరుగు మీదికి వెళ్ళిపోయింది.